చుట్టుకున్న ఓటు

అదొక పెద్ద అడవి. ఎంత పెద్దదంటే, రాజైన సింహం ఈ చివర గర్జిస్తే ఆ చివరి జంతువులు ఉరిమిందనుకుని ఎండబెట్టిన గింజలు లోపల పెట్టుకునేవి. అంత అడవిని ఒక్కడే ఏలడం కుదరక, దాన్ని సీమలుగా పంచి ఒక్కో సీమకు ఒక్కో గవర్నరును పెట్టారు.

మన దగ్గర గవర్నరంటే పైనుంచి దిగొచ్చే పెద్దమనిషి. పూలగుత్తి పుచ్చుకుంటాడు, రిబ్బను కత్తిరిస్తాడు, వెళ్ళిపోతాడు. అక్కడ అలా కాదు. సీమలోని జంతువులు ఓట్లేసి గెలిపించాలి. గెలిచాక మేత మీదా, నీళ్ళ మీదా, దారుల మీదా పెత్తనమంతా ఆయనదే.

అలాంటి సీమల్లో నల్లవాగు సీమ ఒకటి. సీమకు నడుమ వాగు. ఎడమ గట్టున పుట్టినవాళ్ళు ఎడమగట్టు పార్టీ, కుడి గట్టున పుట్టినవాళ్ళు కుడిగట్టు పార్టీ. ఎందుకయ్యా అని అడిగితే, "మా తాత కూడా ఇదే" అనేవాళ్ళు. అంతకు మించిన సిద్ధాంతం ఎవరికీ గుర్తులేదు.

అప్పటి గవర్నరు మొసలి మకరందరావు. ఆయన ఏ గట్టువాడూ కాదు, నీళ్ళవాడు. వాగులోనే కాపురం, వాగులోనే కచేరీ. ఏటా వానాకాలంలో రేవు దాటుతూ ఎవరి పిల్లో ఒకటి కనపడకుండా పోయేది. మకరందరావు స్వయంగా ఆ ఇంటికి వెళ్ళి కన్నీళ్ళు పెట్టుకునేవాడు. ఆ కన్నీళ్ళ సంగతి మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. "రేవు మీద వంతెన వేయించండి బాబూ" అని మొరపెట్టుకుంటే, "కమిటీ వేశాను, తేలనివ్వండి" అని తాను మునిగిపోయేవాడు.

ఒక గవర్నరు రెండుసార్లకు మించి ఏలకూడదని ఆ అడవిలో నియమం. మకరందరావు రెండోసారీ పూర్తయింది. కొత్త గవర్నరు కోసం ఎన్నికలొచ్చాయి. ఎడమగట్టు తరఫున ఎలుగుబంటి రోమేశ్వరరావు, కుడిగట్టు తరఫున అడవిదున్న శృంగభూపతి నిలబడ్డారు.

రేవు పక్కనే, ఎడమ గట్టున, అలుగు పొలుసయ్య బొరియ. ఒళ్ళంతా గట్టి పొలుసులు, లోపలంతా మెత్తటి భయం. ఎవరైనా కాస్త గొంతు పెంచి పలకరిస్తే చాలు, ముక్కు పొట్టలోకి ముడిచి, తోక పైన కప్పి, ఉండలా చుట్టుకుపోయేవాడు. ఆయన భార్య సన్నాలు అలా కాదు. చూపు సూటి, మాట సూటి. వాళ్ళు తినే చెదపుట్టలన్నీ వాగవతలే ఉండేవి. ఆమె రోజూ పసిదాన్ని తోక మీద ఎక్కించుకుని రేవు దాటాలి. నీళ్ళల్లో కాలు పెట్టిన దగ్గర్నుంచి అవతల గట్టు తగిలేదాకా ఊపిరి బిగబట్టేది. పక్కింటి కుందేలు గంగులు కూతురు పోయిన వానాకాలం పోయింది ఆ రేవులోనే.

ఎన్నికల వేడి మొదలయ్యాక ఒకరోజు పొద్దున్నే బొరియ పక్కనున్న మోడు మీద టకటకా చప్పుడైంది. వడ్రంగిపిట్ట వీరాచారి. చెట్టు చెట్టుకూ వెళ్ళి తలుపు కొట్టినట్టు కొట్టి, ఎవరి ఓటు ఎవరికో అడిగి లెక్కతీసి సీమంతా చాటడం ఆయన వృత్తి.

"ఓటెవరికయ్యా? ఎలుగుబంటికా, అడవిదున్నకా? త్వరగా చెప్పాలి, ఇంకా చాలా చెట్లున్నాయి."

పొలుసయ్య తండ్రి ఎడమగట్టుకే వేశాడు, తాతా ఎడమగట్టుకే వేశాడు. కాబట్టి ఓటు ఎలుగుబంటికేనని పొలుసయ్య కడుపులో ఎప్పుడో తేలిపోయింది. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. కానీ అంత పదునైన ముక్కు అంత దగ్గరగా కనపడేసరికి చటుక్కున ఉండ చుట్టుకున్నాడు.

వీరాచారి ఆ ఉండ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "ఎటూ తేల్చుకోలేదన్నమాట" అనుకుని ఎగిరిపోయాడు.

మర్నాడు సీమంతా ఒకటే వార్త. "నువ్వా నేనా అన్నట్టుంది పోటీ! ఎడమగట్టు సగం, కుడిగట్టు సగం. తేలాల్సింది రేవు దగ్గరి అలుగు ఓటొక్కటే!"

మధ్యాహ్నానికల్లా ఎలుగుబంటి రోమేశ్వరరావు దిగాడు. వెనక ఒక ముంగిస. అది ఆయన ఎన్నికల వ్యవహారాలు చూసే ఏజెంటు.

"పొలుసయ్య బావా!" అన్నాడు ఎలుగుబంటి. అంతకు ముందు ఎప్పుడూ ఆయన ఈ బొరియ వైపు చూసిన పాపాన పోలేదు. "నువ్వూ నేనూ పుట్టలు తవ్వుకు తినే జాతివాళ్ళం. మనలో మనకు దాపరికమేమిటి? ఓటు ఎవరికి?"

"మీకే బాబూ" అందామని పొలుసయ్య పెదవి కదిపాడు. సన్నాలు ఆయన తోక మీద గట్టిగా కాలేసి తొక్కింది. ఆ నొప్పికి మళ్ళీ చుట్టుకుపోయాడు.

"ఏమైందమ్మా మా బావకు?"

"అలిగాడు బాబూ" అంది సన్నాలు. "రేవులో ఎంత మంది పిల్లలు పోయినా ఒక దుంగ అడ్డం వేసే నాథుడు లేడని అలిగాడు. మాటామంతీ లేదు. నేనేం చెయ్యను?"

ముంగిస యజమాని చెవిలో గుసగుసలాడింది. "పేరులోనే ఉంది కదండీ అలుగుడు. ఒక దుంగ పడేద్దాం."

సాయంత్రానికి ఎడమ గట్టు నుంచి వాగులోకి ఒక పెద్ద టేకు దుంగ పడింది.

రేవులో ఒక దుంగ పడటం ఆ సీమ పుట్టాక అదే మొదలు. సన్నాలు దాని మీద నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి, కళ్ళు తుడుచుకుంది.

"చెప్పేస్తే పోయేది కదే" అన్నాడు పొలుసయ్య. "ఆయనకే కదా వేసేది."

"చెప్పినవాడి గుమ్మం ఎవడు తొక్కాడయ్యా ఇన్నేళ్ళలో? అడక్కపోతే అమ్మయినా పెట్టదంటారు. వీళ్ళు అడిగినా పెట్టరు, చెప్పకపోతే పెడతారు. రేపు అవతలివాడొస్తాడు చూడు. నోరు మెదిపావో, నేను పుట్టింటికి పోతాను."

అనుకున్నట్టే అడవిదున్న శృంగభూపతి వచ్చాడు. ఆయన వీపు మీద ఎప్పుడూ ఒక కొంగ కూర్చుని ఉండేది. ఆయన తరఫు మాటలన్నీ అదే మాట్లాడేది. "ఎలుగుబంటి ఒక దుంగ వేస్తే మా అయ్యగారు రెండు వేస్తారు" అంది కొంగ. కుడి గట్టు నుంచి రెండు దుంగలు పడ్డాయి. పొలుసయ్య విప్పుకోలేదు. ఎలుగుబంటి ఇంకో రెండు వేయించాడు. పొలుసయ్య విప్పుకోలేదు. అటు నుంచి కొంత, ఇటు నుంచి కొంత, వంతెన పెరగసాగింది. ఇరవై ఏళ్ళ మొరలకు రానిది ఒక అలుగు చుట్టుకుంటే వచ్చింది.

ఇది చూసి కుందేలు గంగులు బొరియ ముందుకొచ్చి కూలబడ్డాడు.

"ఇంటిల్లిపాదీ ఎడమగట్టు జెండాలు మోశాం పొలుసయ్యా. నా కూతురు పోయిన రోజున కూడా పార్టీవాడొక్కడు రాలేదు. 'గంగులు మనవాడేలే' అన్నారట. నాకూ ఆ చుట్టుకోవడం నేర్పు."

పొలుసయ్యకు జాలేసింది, నేర్పాడు. గంగులుకు చెవులు అడ్డమొచ్చాయి గానీ మొత్తానికి ఉండలాంటిదేదో అయ్యాడు. మర్నాడు వీరాచారి అడిగితే, "ఎటూ తేల్చుకోలేదు" అన్నాడు పొట్టలోంచి. మధ్యాహ్నానికి ఇంటి ముందు పచ్చగడ్డి మోపు పడింది.

ఇక చెప్పాలా! ముళ్ళపందులు వచ్చాయి. దుప్పులొచ్చాయి. కొమ్ములు నేలకు గుచ్చుకుని లేవలేకపోతున్నా సరే, చుట్టుకుంటామన్నాయి. ఆఖరికి కొండచిలువ కూడా వచ్చింది. "నాకు చుట్టుకోవడం వచ్చు, చుట్టుకున్నాక ఏం చెయ్యాలో చెప్పు" అంది.

ఒకప్పుడు ఎవరన్నా పలకరిస్తే వణికిపోయిన పొలుసయ్య ఇప్పుడు రాయి మీద కూర్చుని పాఠాలు చెబుతున్నాడు.

"తోక మడవడం కాదయ్యా ముఖ్యం. అభిప్రాయం మడవాలి. ముందు ముక్కు, తరవాత తోక, ఆ తరవాత మనసు. 'ఆలోచిస్తున్నాను' అనాలి గానీ ఏమిటని చెప్పకూడదు."

ఆ విద్య ఆయన ఒంటికి బాగా పట్టింది. ఒకరోజు సన్నాలు, "చీమలు తింటావా, చెదలు తింటావా?" అని అడిగితే నింపాదిగా చుట్టుకున్నాడు.

"ఇంట్లో కూడానా?" అని ఆమె నుదురు కొట్టుకుంది. "నేను నేర్పింది రేవు కోసమయ్యా. నీకు రేవు కనపడటం మానేసి అద్దం కనపడుతోంది."

ఇలా పదిరోజులు గడిచేసరికి వీరాచారి లెక్క ఎవరూ కనీవినీ ఎరగని తీరుకు వచ్చింది. ఎలుగుబంటి వైపు ఎలుగుబంటి కుటుంబం. అడవిదున్న వైపు అడవిదున్న కుటుంబం. తక్కిన సీమంతా ఎటూ తేల్చుకోలేదు.

ఎలుగుబంటి తల పట్టుకున్నాడు. "ఒకడు అలిగితే దుంగ వేశాం. అందరూ అలిగితే అడవంతా నరికినా చాలదు. ఆపండి."

అవతల అడవిదున్నా అదే అన్నాడు. దుంగలు ఆగిపోయాయి. అప్పటికి రేవు మీద ఎడమ నుంచి వచ్చిన దుంగలకూ, కుడి నుంచి వచ్చిన దుంగలకూ మధ్య ఒక నిలువెడు ఖాళీ మిగిలింది. ఇంకొక్క దుంగ పడితే వంతెన పూర్తవుతుంది.

సన్నాలు ఎలుగుబంటి గుహకు వెళ్ళింది. "బాబూ, ఆ నడుమ దుంగ ఒక్కటి వేయించండి."

"ఎలా వేస్తానమ్మా? నా దుంగ పోయి అవతలివాడి దుంగకు తగిలితే, నేను వాడితో కుమ్మక్కయ్యానని మా గట్టువాళ్ళంటారు."

వాగు దాటి అడవిదున్న దగ్గరికి వెళ్ళింది. కొంగ అచ్చంగా ఆ మాటే చెప్పింది.

ఓటింగుకు ముందురోజు సీమ జంతువులన్నీ చేరి అభ్యర్థులిద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టాయి. గంగులు లేచి అడిగాడు, "నడుమ దుంగ వేస్తారా, వెయ్యరా?"

ఎలుగుబంటి గొంతు సవరించుకున్నాడు. "ఆ విషయం నేనింకా తేల్చుకోలేదు."

అడవిదున్న ముందుకొచ్చాడు. "నేను ఆయనకన్నా ముందునుంచే తేల్చుకోలేదు."

జంతువులన్నీ చప్పట్లు కొట్టాయి. తమ భాష మాట్లాడే నాయకులు ఇన్నాళ్ళకు దొరికారని కొందరికి కళ్ళు చెమర్చాయి. నీళ్ళల్లోంచి రెండు కళ్ళు మాత్రం పైకి తేల్చి మకరందరావు ఇదంతా చూస్తున్నాడు.

ఓటింగు రోజు వచ్చింది. ఎన్నికల అధికారి తాబేలు కూర్మనాథం. మైదానంలోని చెట్టుకు రెండు తొర్రలు. ఎడమ తొర్ర ఎలుగుబంటిది, కుడి తొర్ర అడవిదున్నది. ఒక్కొక్కరికీ ఒక కరక్కాయ ఇస్తారు. ఇష్టమైన తొర్రలో పడేసి పోవాలి. పైన కొమ్మ మీద కాకి లెక్క అరుస్తూ ఉంటుంది.

తేల్చుకోకపోవడానికి అలవాటుపడ్డ ప్రాణాలు, ఒక్కసారిగా తేల్చుకోమంటే ఎలా? ముందున్న జంతువు ఎడమ తొర్రలో వేస్తే, "ఎవడికీ మరీ మెజారిటీ రాకూడదు" అనుకుని వెనకది కుడి తొర్రలో వేసింది. దాని వెనకది మళ్ళీ ఎడమ. సన్నాలు తన వంతు రాగానే గబగబా వేసేసి పక్కన నిలబడింది. పొద్దు వాలేసరికి కాకి అరిచింది:

"సమానం! రెండూ సమానం! ఇంక ఒక్క ఓటే ఉంది!"

ఆ ఒక్క ఓటూ పొలుసయ్యది. పెద్దమనిషి కదా, ఎప్పుడు వెళ్ళాలో తేల్చుకోలేక వరసలో ఆఖరున నిలబడ్డాడు.

సీమ సీమంతా ఆయన వైపు తిరిగింది. ఇటు ఎలుగుబంటి, అటు అడవిదున్న, కొమ్మల నిండా పిట్టలు. పొలుసయ్య కరక్కాయ గుండెలకు హత్తుకుని రెండు తొర్రలకు నడుమ నిలబడ్డాడు. ఇన్నాళ్ళ గొప్పతనమూ ఒక్కసారి దిగిపోయింది. వీరాచారి ముక్కు చూసి జడిసిన రోజుకన్నా ఎక్కువ జడిశాడు. కరక్కాయతో సహా చుట్టుకుపోయాడు.

ఎవరు పిలిచినా పలకలేదు. కూర్మనాథం ఓపిగ్గా ఎదురుచూశాడు. తాబేలుకు ఓపిక చెప్పాలా?

చివరికి సన్నాలు ఆ ఉండ దగ్గరికి వచ్చి వంగింది.

"ఏమయ్యా, వింటున్నావా? నీకు నేర్పి తప్పు చేశాననను. ఆ నాలుగు దుంగలన్నా పడ్డాయి. కానీ రేపు పొద్దున మళ్ళీ నేను పసిదాన్ని తోక మీద పెట్టుకుని ఆ నీళ్ళల్లో దిగాలి. ఎవరికేస్తావో నేనడగను. ఎవరో ఒకరికి వెయ్యి. గెలిచినవాణ్ణి రోజూ పోయి పీక్కుతినే పని నాది."

పొట్టలో ముక్కు పెట్టుకున్న పొలుసయ్యకు ఆ మాట సూటిగా తగిలింది. గంగులు కూతురు గుర్తొచ్చింది. తన బిడ్డ ఆ తోక మీద ఎంత చిన్నగా ఉంటుందో గుర్తొచ్చింది. చాలా రోజుల తరవాత ఆయన మనసు మడత విప్పుకుంది. ఎడమగట్టుకే వేస్తాను, రేపటి నుంచి ఎలుగుబంటి ఇంటి ముందు సన్నాలు పక్కన నేనూ కూర్చుంటాను అనుకున్నాడు. మెల్లగా విప్పుకోసాగాడు.

కానీ చుట్టుకున్నవాడికి ఎటు విప్పుకుంటున్నాడో ఏం తెలుస్తుంది? ముక్కు బయటికొచ్చేసరికి అది కుడి తొర్ర వైపుంది.

"అయ్యో, వాళ్ళకేస్తున్నాడు!" అని ముంగిస ఉరికొచ్చి పొలుసయ్యను కసుక్కున గిల్లింది. పొలుసయ్య ముడుచుకుపోయాడు.

కాసేపటికి మళ్ళీ విప్పుకున్నాడు. ఈసారి ముక్కు ఎడమకుంది. కొంగ వాలి ముక్కుతో ఒక్క పోటు పొడిచింది. మళ్ళీ ఉండ.

"నేను వేస్తానయ్యా, వెయ్యనివ్వండి!" అని పొట్టలోంచి అరిచాడు పొలుసయ్య. ఇన్నాళ్ళూ నోరు తెరవమని బతిమాలినవాళ్ళు ఇప్పుడు ఆ మాట వినిపించుకోలేదు. ఎటు కదిలినా ఎవరో ఒకరు పొడిచారు. ఎక్కడ తమ ఓటమి ఖాయమవుతుందోనని రెండు పక్షాలకూ భయం. తేలనంతసేపూ ఇద్దరూ ఓడిపోనట్టే కదా.

పొద్దు గుంకింది. కూర్మనాథం తీర్పు చదివాడు. "ఓటింగు సమయం ముగిసింది. ఇద్దరికీ సమానం. కొత్త గవర్నరు తేలేదాకా పాత గవర్నరే ఆపద్ధర్మ గవర్నరుగా కొనసాగాలని నియమం. మళ్ళీ ఎన్నికలు ఎప్పుడన్నది..." అని కాస్త ఆగాడు. "అది ఇంకా తేల్చుకోలేదు."

వాగులో నీళ్ళు నవ్వినట్టు కదిలాయి.

మర్నాడు మకరందరావు రేవు దగ్గర సభ పెట్టాడు. "ప్రజలు నా మీద ఉంచిన విశ్వాసానికి" అని మొదలుపెట్టి, ఆ మాట దగ్గర రెండు కన్నీటి చుక్కలు రాల్చి, ఇలా అన్నాడు. "మీ వంతెనకు నడుమ ఖాళీ ఉందని బాధపడుతున్నారట. ఖాళీ ఎక్కడుంది తల్లీ? నా వీపు లేదూ?"

అని వెళ్ళి, ఎడమ దుంగలకూ కుడి దుంగలకూ మధ్య అడ్డంగా పడుకున్నాడు. సరిగ్గా కొలిచినట్టు సరిపోయాడు.

జంతువులు ముందు జంకాయి. తరవాత ఒక దుప్పి అడుగు వేసింది, దాటింది. ఒక ముళ్ళపంది దాటింది. గుంపు కదిలింది. వీపు మీదుగా అందరూ దాటసాగారు. మధ్యలో ఎప్పుడో ఒకసారి వంతెన కాస్త కదిలేది. అవతలి గట్టుకు చేరే లెక్కలో ఒకరు తగ్గేవారు. "మునుపటికన్నా నయమే. కాళ్ళు తడవడం లేదు" అని మిగిలినవాళ్ళు మెచ్చుకునేవారు. ఎలుగుబంటీ, అడవిదున్నా ఆ వంతెన తమ దుంగల పుణ్యమేనని చెరో గట్టున చెరో రాయి పాతించారు.

ఒకరోజు పొలుసయ్య వంతూ వచ్చింది. ఆ దుంగల మొదట్లో నిలబడ్డాడు. పక్కన సన్నాలు, ఆమె తోక మీద పసిది.

"రండి రండి, గురువుగారికి దారివ్వండి!" అన్నారు వెనకవాళ్ళు. మకరందరావు ఒక కన్ను తెరిచి ఆహ్వానంగా చూశాడు.

పొలుసయ్య వీపు వంగింది, ముక్కు పొట్ట వైపు పోయింది. సన్నాలు తోక తొక్కలేదు, తిట్టలేదు. చిన్నగా ఒక మాట అంది.

"మొసలి వాగంతా తిరిగినన్నాళ్ళూ ఎక్కడ దాటాలన్నా భయమే. ఇప్పుడు అదెక్కడుందో సీమంతా కళ్ళారా చూస్తోంది. అది లేనిచోట దాటితే పోలా?"

పొలుసయ్య తలెత్తాడు. వంతెన వంక చూశాడు, ఎగువన వాగు మలుపు వంక చూశాడు. ఆ మలుపు దగ్గర నీళ్ళు లోతు తక్కువ, ఎవరూ లేరు.

"పద" అన్నాడు. "పసిదాన్ని నా తోక మీద ఎక్కించు."

ముగ్గురూ గుంపును విడిచి, మలుపు దగ్గర నీళ్ళల్లో దిగారు. పొలుసుల సందుల్లో చల్లగా నీళ్ళు దూరుతుంటే పొలుసయ్యకు ఒకసారి కూడా చుట్టుకోవాలనిపించలేదు. ఒళ్ళంతా తడిసి, అవతలి గట్టెక్కి, చెదపుట్టల వైపు నడిచారు.

వంతెన మీద వరసలో ఉన్నవాళ్ళు వాళ్ళను చూసి పగలబడి నవ్వారు. "శుభ్రమైన వంతెన పెట్టుకుని నీళ్ళల్లో పడి పోతున్నారేమిటి? పాపం, వీళ్ళకు ఈ జన్మకు ఏదీ తేల్చుకోవడం రాదు!"

నీతి: ఓటు అమూల్యమైనది. అందుచేత దాన్ని వాడి అరగదీసుకోరాదు.